బరంపురంలో పదహారో నంబరు చొక్కా

పెద్దమ్మ మనవరాలి పెళ్లికి బరంపురం వెళ్లాను. పెళ్లి బాగా జరిగింది, భోజనాలు ఇంకా బాగున్నాయి. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ మర్నాటి మధ్యాహ్నం.

బయలుదేరేటప్పుడు మా మేనకోడలు ఒక్కటే అడిగింది: "మామయ్యా, ఇండియా హాకీ చొక్కా తేవా? వెనకాల 16 ఉండాలి." ఎనిమిదో తరగతి, స్కూలు టీంలో గోల్‌కీపర్. ఇండియా గోల్‌కీపర్ శ్రీజేశ్ అంటే ప్రాణం, ఆ 16 ఆయన నంబరే. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో స్పెయిన్ మీద 2-1తో కాంస్యం గెలిచి ఆయన ఆటకు సెలవు చెప్పిన రోజు ఈ పిల్ల అన్నం ముట్టలేదు.

శ్రీకాకుళంలో దొరకలేదు. ఒడిశాలో ఎందుకు దొరకదనుకున్నాను. 2018 నుంచి మన హాకీ జట్లకు స్పాన్సరు ఆ రాష్ట్ర ప్రభుత్వమే. ఆటగాళ్ల చొక్కా మీద ఒడిశా పేరే ఉంటుంది. 2018, 2023 పురుషుల ప్రపంచ కప్పులు రెండూ అక్కడే ఆడారు.

బడా బజారుకి ఆటో నూట యాభై. నాలుగు షాపులు తిరిగాను. ఎటు చూసినా క్రికెట్ చొక్కాలే: 18, 45, 7. హాకీ అనగానే ఒకాయన కర్ర తీసి చూపించాడు. ఇంకొకాయన క్రికెట్ చొక్కానే చేతిలో పెట్టి, "ఇదీ నీలమే కదా" అని ఏడు వందలు చెప్పాడు. ఒళ్లు మండిపోయింది. హాకీ ఆటగాళ్లు దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్‌ల సుందర్‌గఢ్ జిల్లా ఇక్కడికి చాలా దూరం, నిజమే. అయినా రాష్ట్రం ఒకటే కదా!

ఫోన్లో ఇంటికి ఇదే చెప్పుకుంటూ ఉంటే, పక్క సందులో చొక్కాల మీద ప్రింటింగ్ చేసే పెద్దాయన పిలిచాడు. "మనవాళ్లేనా? ఏ ఊరు బాబూ?"

విషయం చెప్పాను.

"పాప ఎక్కడ ఆడుతుంది?"

"గోల్లో నిలబడుతుంది."

"మరి నీలం ఎందుకు? కీపర్ చొక్కా రంగు రెండు జట్ల రంగులకీ వేరుగా ఉండాలి. చెస్ట్ గార్డు మీద వేసుకోవాలి కాబట్టి రెండు సైజులు పెద్దది తీసుకో."

ఆయనా చిన్నప్పుడు స్కూల్లో గోల్లో నిలబడ్డవాడే. ఎడమ చేతి చిటికెన వేలు ఇప్పటికీ వంకరగానే ఉంది. శ్రీజేశ్ తర్వాత సీనియర్ జట్టులో 16 ఇంకెవరికీ ఇవ్వరనీ, మన చిత్తూరు ప్రాంతపు రజని కూడా ఇండియా మహిళల జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిందనీ ఆయనకు తెలుసు. పొద్దుటి నుంచి హాకీ గురించి మాట్లాడిన మొదటి మనిషి.

పసుపు చొక్కా తీశాడు. నిలువుగా మడిచి నడిమి గీత చూసుకున్నాడు. మెషిన్ కత్తిరించిన నల్ల షీటు మీద అక్కర్లేని ముక్కలన్నీ పట్టకారుతో ఏరేశాడు. 6 పొట్టలోని చిన్న ముక్క దగ్గర ఊపిరి బిగబట్టాడు. పల్చటి కాగితం కప్పి వేడి ప్రెస్ దించాడు. పైపొర లాగితే 6 అంచు కాస్త లేచింది. మళ్లీ కాగితం వేసి నొక్కాడు, గోరుతో గీకి చూసి గానీ చేతికివ్వలేదు. మూడు వందల ఎనభై. బేరమాడబుద్ధి కాలేదు.

"రేపటి దాకా ఉతకొద్దు, మడత నంబరు మీద పడనీకు" అన్నాడు.

బస్సులో ఒళ్లో పరుచుకుని కూర్చున్నాను. గిరిసోల దగ్గర బస్సు ఆగితే ఫోన్ చేశాను.

"అమ్మలూ, నీలం కాదు, పసుపు తెస్తున్నాను."

కాసేపు మాట లేదు.

"అయ్యో, కీపర్‌కి నీలం ఉండదని నేనే చెప్పలేదు కదా! నీకెలా తెలిసింది మామయ్యా? లోపల గార్డు పడుతుందా?"