తెల్లవారుజాము డ్యూటీ ఏ తేదీకి చెందుతుంది?

మా కార్యాలయం కోసం ఏఐ సాయంతో తయారుచేస్తున్న హాజరు యాప్‌లో తేదీల లెక్క సరిచేయడంతోనే ఈ రోజంతా గడిచింది. విశాఖ డాబాగార్డెన్స్‌లో మాది రెండు గదుల క్లియరింగ్ ఆఫీసు, అంటే పోర్టు సరుకుకు కస్టమ్స్ అనుమతుల పని చూసే ఆఫీసు. కాగితాల పని చూసేవాళ్లం ఇక్కడ కూర్చుంటాం గానీ, సగం మంది షీలానగర్ వైపు కంటైనర్ గోదాముల దగ్గరో, పోర్టు గేటు దగ్గరో ఉంటారు. సంతకం కోసం ఇక్కడిదాకా వచ్చి మళ్లీ అక్కడికి వెళ్లడం వాళ్లకు అనవసరపు శ్రమ. అది తప్పించాలనే ఈ పని మొదలుపెట్టాను.

నేను అకౌంట్స్ చూసే మనిషిని. పైథాన్ భాషలో రాసిన ప్రోగ్రాము చదివితే అర్థమవుతుంది గానీ సొంతంగా రాయడానికి చాలా సమయం పడుతుంది. ఏం కావాలో తెలుగులోనే వివరంగా చెబితే లాగిన్ పేజీ, సమాచారం దాచే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ పట్టికలు, నెలవారీ రిపోర్టు అన్నీ ఏఐ వరుసగా రాసిచ్చింది. అవి బాగానే పనిచేస్తున్నాయి.

ఉదయం రిపోర్టు తెరిచేసరికి, గోదాము దగ్గర పనిచేసే ఒకతనికి ఆదివారం హాజరు, సోమవారం గైర్హాజరు పడి ఉన్నాయి. ఫోన్ చేశాను. “ఏటి మేడమ్, ఆదివారం నేను ఇల్లు కదల్లేదండి. సోమవారం అయిదింటికే గేటు కాడున్నాను కదా!” అన్నాడు. అతని గొంతులో కంగారు వినిపించింది. హాజరు పడకపోతే ఒక రోజు జీతం పోయినట్టే కదా. పట్టికలో అతని వరుస తీసి చూస్తే, వచ్చిన సమయం ఆదివారం 23.40 అని ఉంది. సోమవారం తెల్లవారుజామున 5.10కి అతను నొక్కిన బటన్ అలా నమోదైందన్నమాట. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు కావడంతో కారణం వెంటనే బోధపడింది. ఏఐ రాసిన కోడ్ సమయాన్ని యూటీసీలో, అంటే మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో దాచి, తేదీని కూడా అందులోంచే తీసుకుంటోంది. పదింటికి ఆఫీసుకు వచ్చేవారికి యూటీసీలో 4.30 అవుతుంది గనుక తేదీ మారదు. అయిదున్నర లోపు వచ్చేవారు మాత్రం ముందురోజు లెక్కలోకి జారిపోతారు. విశాఖలో వేసవిలో అయిదున్నర ప్రాంతానికే తెల్లవారుతుంది. ఎండ ముదరకముందే లోడింగ్ కానివ్వాలని మా గోదాము వాళ్లు వచ్చేది సరిగ్గా ఆ వేళకే. అందరికంటే ముందు పనిలోకి దిగేవారికే గైర్హాజరు పడటం నాకు చాలా బాధ కలిగించింది.

సమయాన్ని యూటీసీలోనే ఉంచి, తేదీని మాత్రం భారత కాలమానంలోకి మార్చాకే తీసుకోమని చెప్పాను. ఏఐ క్షణాల్లో సరిచేసి, దానితోపాటు ఒక మంచి ప్రశ్న వేసింది: రాత్రి పదింటికి వచ్చి ఉదయం ఆరింటికి వెళ్లేవారి హాజరు ఏ తేదీకి వేయాలి? దానికి జవాబు మా పెద్ద గుమాస్తా గారే చెప్పాలి. “డ్యూటీ ఎక్కిన తేదీయే డ్యూటీ తేదీ అమ్మా. కస్టమ్స్ పరీక్ష ఆలస్యమై మధ్యాహ్నం దాకా ఉండిపోతే పైన ఇంకో సగం రోజు కలపాలి, అది మరిచిపోకు” అన్నారు. ఈ నియమం మా ఆఫీసులో ఏ కాగితం మీదా లేదు; ఏళ్ల తరబడి ఆయన చేతి మీదుగానే నడుస్తోంది. ఆయన అన్న మాటలనే ఉన్నదున్నట్టు టైప్ చేసి ఏఐకి ఇచ్చాను.

సాయంత్రం లొకేషన్ సంగతి చూశాను. పావుగంటకోసారి ప్రతివారి ఫోన్ ఎక్కడుందో నమోదు చేద్దామని ఏఐ సూచించింది. నేను ఒప్పుకోలేదు. హాజరు వేసిన క్షణంలో మనిషి గేటు దగ్గర ఉన్నాడో లేదో తెలిస్తే చాలు, టీ తాగడానికి ఎటు వెళ్లాడో మాకు అక్కరలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతిని అవసరమైన సమాచారానికే పరిమితం చేసింది. పైగా ఇనుప కంటైనర్ల వరుసల మధ్య జీపీఎస్ గురి తప్పుతుంది. అందుకే గేటు హద్దు బయట పడిన హాజరును తిరస్కరించకుండా గుమాస్తా గారి ఆమోదానికి పంపేలా పెట్టించాను.

ఈ నెల జీతాలు పాత రిజిస్టరు ప్రకారమే వేస్తాను. నెలాఖరు రాత్రి డ్యూటీ ఎక్కి ఒకటో తేదీ మధ్యాహ్నం దాకా ఉండిపోయినవారికి, ఆ పై సగం రోజును ఏ నెల జీతంలో కలపాలో రేపు గుమాస్తా గారిని అడగాలి.