చేతి నూనె యంత్రంతో మూడు వారాలు: నా అనుభవం

నిన్న రాత్రికి నువ్వుల నూనె తేరుకుంది. సీసాను అక్షరాల ముందు పెట్టి చూస్తే, నూనెలోంచి అవతలి అక్షరాలు చదవగలిగాను. ఆ ఒక్క సీసా కోసం మూడు వారాలు పట్టింది. ఒక బోల్టు విరిగింది, రెండు కిలోల గింజలు పాడయ్యాయి, అందరి ముందూ తలవంపులయ్యాయి. సంతోషమూ కోపమూ రెండూ వేడిమీద ఉండగానే రాసేస్తున్నాను. ఇలాంటి యంత్రం కొనాలనుకునేవాళ్లకు నేను పడిన పాట్లు తప్పితే చాలు.

ముందు యంత్రం సంగతి. బల్లకు బిగించి చేత్తో తిప్పేది. పైన గరాటులాంటి భాగంలో గింజలు పోస్తాం. లోపల ఇనుప మర, అంటే పెద్ద స్క్రూ, ఉంటుంది. హ్యాండిల్ తిప్పితే ఆ మర గింజలను గొట్టంలో ముందుకు తోస్తుంది. కొసకు వెళ్లేకొద్దీ చోటు తగ్గి గింజలు నలుగుతాయి. నూనె గొట్టం అడుగున ఉన్న సన్నని చీలికలోంచి కారుతుంది. నూనె పోగా మిగిలిన పిండి, అంటే చెక్క, కొసనున్న ముక్కులోంచి బయటికి వస్తుంది. ముక్కు కింద చిన్న దీపం పెట్టి దాన్ని వేడి చేయాలి. ముక్కులో ఉన్న బోల్టును బిగిస్తే చెక్క వచ్చే సందు తగ్గి లోపల ఒత్తిడి పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. యంత్రమంటే ఇంతే.

కొనడం, ఇంటికి రావడం, బల్లకు బిగించడం, ఇవన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. బల్ల మాత్రం బరువుగా ఉండాలి. తేలికది అయితే హ్యాండిల్‌తోపాటు అదీ కదులుతుంది.

ఇక నా కష్టాల సంగతికి వస్తాను. నూనె బాగా రావాలంటే గింజలను బాగా వేయించాలని ఒక వీడియోలో చూశాను. చెప్పినవాడు ఎంత ధీమాగా చెప్పాడంటే నాకు అనుమానమే రాలేదు. కిలో నువ్వులు ముదురు రంగు వచ్చేదాకా వేయించి, ఆరబెట్టి, డబ్బాలో పోసి పెట్టుకున్నాను. ఆ ఆదివారం అక్కా బావగారూ పిల్లలూ వచ్చారు, పెద్దమ్మ కూడా వచ్చింది. మొదటి నూనె అందరి ముందే తీయాలని నేనే పట్టుబట్టాను.

యంత్రంతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టే పది నిమిషాల ముందు దీపం వెలిగించాను. గింజలు పోసి తిప్పడం మొదలుపెట్టాను. పదిహేను చుట్లకు నాలుగైదు నూనె చుక్కలు కారాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముప్పయ్యో చుట్టు దగ్గర హ్యాండిల్ బరువెక్కింది. నలభై దాటాక ఇక కదల్లేదు. ముక్కులోంచి చెక్క రావడం ఆగిపోయింది, మాడు వాసన వచ్చింది. రెండు చేతులతో తోశాను, బల్ల జరిగింది గానీ హ్యాండిల్ జరగలేదు.

అందరూ చూస్తుండగానే అమ్మినవాళ్ల కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అలా పెట్టకుండా ఉండాల్సింది. అతను గింజల గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. ఏం గింజలు, ఎలా ఉన్నాయి, దీపం ఎంతసేపు పెట్టారు, ఏమీ లేదు. "మేడమ్, మీ చేతి బలం చాలట్లేదు. ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే తిప్పించండి" అన్నాడు. పెద్దమ్మ నవ్వింది. బావగారు లేచి చొక్కా చేతులు మడిచారు. నేను వద్దని గట్టిగా అనలేకపోయాను. ఆ బాధ ఇంకా పోలేదు. ఆయన ఒక్కసారి బలంగా లాగేసరికి హ్యాండిల్‌ను మరకు పట్టి ఉంచే బోల్టు టక్కున విరిగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆ రాత్రి అంతా సర్ది పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. నేను రోజూ ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఒంటిచేత్తో ఎత్తి పెడతాను. బలం లేదట! పని తెలియకుండా జవాబులిచ్చేవాడు అవతలి మనిషిలో తప్పు వెతుకుతాడు. ఇది ఈ ఒక్క యంత్రంతో పోయేది కాదు. ఏ వస్తువు బాగుచేయించుకోబోయినా ఆడవాళ్లకు ముందు వినిపించే మాట ఇదే. మీకు అలాంటి జవాబు వస్తే అక్కడే ఫోన్ పెట్టేయండి, ఎవరినీ హ్యాండిల్ పట్టుకోనివ్వకండి.

మర్నాడు బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన ముప్పై ఏళ్లు లేతు మిషన్ మీద పని చేశారు. సాయంత్రం స్పానర్లు పట్టుకుని వచ్చారు. ఏం జరిగిందో అంతా విన్నారు. "బలం సంగతి తర్వాత చూద్దాంలేమ్మా. ముందు దీపం పెట్టు" అన్నారు. లోపల చెక్క చల్లబడి సిమెంటులా గట్టిపడిందట. ఆ స్థితిలో ఎవరు తిప్పినా విరగడమే తప్ప కదలడం ఉండదు. ఇరవై నిమిషాలు ముక్కు వేడెక్కాక, కొస బోల్టు పూర్తిగా వదులు చేసి, దళసరి గుడ్డతో పట్టుకుని స్పానర్‌తో ముక్కును ఊడదీశారు. లోపల నల్లటి బిరడా ఉంది. దాన్ని పుల్లతో పొడిచి తీసి వేళ్ల మధ్య నలిపారు. పొడిపొడి అయిపోయింది.

"ఇది చెక్క కాదమ్మా, ఇసుక. ఇందులో తడేదీ?" అన్నారు.

మూడు వారాల్లో నాకు పనికొచ్చిన మాట అదొక్కటే. నూనె తీయడానికి నీళ్లెందుకని నేను అడిగాను. గానుగలో కూడా గింజలమీద కాస్త నీళ్లు చల్లుతారు, చూడలేదా అన్నారు.

తర్వాత కూర్చుని చదివి అర్థం చేసుకున్నాను. గింజలో నూనె ఒకచోట నిండి ఉండదు. మిల్లీమీటరులో వెయ్యో వంతు పరిమాణంలో కోట్ల బిందువులుగా, ఒక్కో బిందువు చుట్టూ ప్రొటీను పొరతో ఉంటుంది. మర గింజ గోడలను చిదుపుతుంది. వేడికి ప్రొటీను గడ్డకడితే ఆ బిందువులు ఒకదానితో ఒకటి కలుస్తాయి, నూనె పలచబడి తేలిగ్గా పారుతుంది. వేడి పని ఇది. తేమ పని వేరు. కొద్దిగా తేమ ఉంటే పిండి సాగుతూ ముద్దగా కదులుతుంది, ఒత్తిడి నిలకడగా పెరుగుతుంది, చెక్క రేకులుగా బయటికి వస్తుంది. తేమ లేకపోతే పొడి పొడిని రాసుకుంటూ ముక్కులో బిగుసుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే పిండి మరతోపాటే గుండ్రంగా తిరుగుతుంది, ముందుకు పోదు. చాలా గింజలకు తేమ 7 శాతం దగ్గర ఉంటే పని బాగా సాగుతుంది. వీడియో చూసి నేను చేసింది ఆ తేమను పూర్తిగా తరిమేయడమే.

మర యంత్రం కొత్తదేమీ కాదు. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్‌కు, అంటే ద్రవం ఒత్తిడితో నొక్కే యంత్రానికి, పేటెంట్ తీసుకున్నాక చాలా మిల్లులు నూనెకు వాటిని వాడేవి. ఒక్కో వాయి నింపాలి, నొక్కాలి, విప్పాలి. 1900లో అమెరికాలో వలేరియస్ ఆండర్సన్ ఆగకుండా నడిచే మర యంత్రానికి పేటెంట్ పొందాడు. ఎక్స్‌పెల్లర్ అనే మాట ఆయన పెట్టిందే. నా బల్లమీది యంత్రం దాని చిన్న రూపం. నూట పాతికేళ్ల నాటి పద్ధతి గురించి కొనేవాళ్లకు ఇచ్చే పుస్తకంలో తేమ అనే మాటే లేదంటే నాకు ఒళ్లు మండుతుంది.

బాబాయ్ విరిగిన బోల్టు కొలత తీసుకుని కొత్తది తెచ్చి బిగించారు. రెండోసారి నేను తొందరపడి, ఇంకో కిలో వేయించిన నువ్వులకు అంచనాగా వంద మిల్లీలీటర్ల నీళ్లు కలిపాను. పిండి పేస్టులా ముక్కులోంచి జారింది. నూనె రాలేదు, పాలలాంటి తెల్లటి జిగురు నాలుగు చుక్కలు పడింది. ఆ కిలో కూడా పోయింది. అంచనాలు పనికిరావని, కొలవాలని అప్పుడు నిర్ణయించుకున్నాను.

కొలవడం ఎవరైనా చేయగలరు, వంటింటి తూకం ఉంటే చాలు. 200 గ్రాముల గింజలను ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర పెట్టి, బరువు ఇక తగ్గనంతవరకూ మధ్యమధ్య తూచాను. వేయించినవి 195 దగ్గర ఆగాయి. అంటే తేమ రెండున్నర శాతమే. వేయించనివి 189 దగ్గర ఆగాయి, అంటే ఐదున్నర శాతం. ఐదున్నర నుంచి ఏడుకు తేవాలంటే కిలోకు 16 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. చెంచాతో నీళ్లు చిలకరించి, మూతపెట్టిన డబ్బాలో బాగా కుదిపి, రాత్రంతా ఉంచాను. గింజలు వేయించకండి. ఎవరు చెప్పినా వినకండి.

మూడో ప్రయత్నం మొన్న గురువారం. ఇంట్లో నేనూ బాబాయే. దీపం చిన్న మంట, పది నిమిషాలు కాదు, పదిహేను. ముక్కుమీద ఒక నీటి చుక్క వేస్తే నెమ్మదిగా ఆరిపోవాలి, చిటపటమని ఎగిరితే వేడి ఎక్కువైనట్టు. కొస బోల్టు వదులుగా ఉంచి మొదలుపెట్టాను. ముందు దళసరిగా, నూనెతో మెత్తగా చెక్క వచ్చింది. అరచుట్టు బిగించాను. ఇంకో పది చుట్లయ్యాక మరికాస్త. చెక్క పలచబడి, గట్టిపడి, పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే పొరల్లా వంపులు తిరుగుతూ రాలింది. నూనె చుక్కలు కలిసి సన్నని ధారయింది. బాబాయ్ పక్కన కుర్చీలో కూర్చుని ఒక్కసారి కూడా హ్యాండిల్ ముట్టుకోలేదు. కిలో మొత్తం నేనే తిప్పాను, ఒంటిచేత్తో. ఆ సంగతి అక్కకు ఫోన్ చేసి చెప్పాను, బావగారికి కూడా చెప్పమన్నాను.

మధ్యలో ఆపకూడదు. ఫోన్ మోగినా, తలుపు కొట్టినా ఆపకూడదు. ఆగిన రెండు మూడు నిమిషాల్లోనే చెక్క బిగుస్తుంది. తప్పదంటే బోల్టు వదులు చేసి, దీపం ఆర్పకుండా వెళ్లాలి, పక్కన ఎవరైనా ఉంటేనే. పని అయ్యాక గరాటు ఖాళీ కాగానే వేడి మీదే ముక్కు విప్పి శుభ్రం చేయాలి. చల్లబడ్డాక విప్పుదామనుకుంటే మళ్లీ స్పానర్లతో కుస్తీయే.

వచ్చిన నూనె 360 గ్రాములు, అంటే సుమారు 390 మిల్లీలీటర్లు. నువ్వుల్లో దాదాపు సగం బరువు నూనే ఉంటుంది కాబట్టి, ఇంకా కొంత చెక్కలోనే ఉండిపోయిందన్న మాట. చేత్తో తిప్పే యంత్రానికి ఇది తక్కువేం కాదు, నాకైతే గర్వంగా ఉంది.

కొత్త నూనె మబ్బుగా, మట్టిరంగులో ఉంటుంది. చూసి కంగారు పడకండి. గుడ్డలో పోసి పిండకండి, నూనెతోపాటు మడ్డి కూడా దిగిపోతుంది. గాజు సీసాలో పోసి కదపకుండా చీకట్లో ఉంచితే మడ్డి దానంతటదే అడుగుకు చేరుతుంది. నాకు నాలుగు రోజులు పట్టింది. పైనూనెను మెల్లగా వంచుకున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ముక్కును వేడి చేసి తీసిన నూనెను కోల్డ్ ప్రెస్డ్, అంటే వేడి చేయకుండా తీసినది, అని పిలవకూడదు. నూనె మంచిదే, పేరు మాత్రం అబద్ధం. ఇలాంటి యంత్రాల ప్రకటనల్లో పక్కపక్కనే దీపం బొమ్మా ఆ మాటా చూశాను, నాకు నచ్చలేదు.

ఆముదం గింజలు మాత్రం ఈ యంత్రంలో పోయకండి. వాటిలోని రైసిన్ అనే విషం చెక్కలో మిగులుతుంది. అదే మరలో తర్వాత తినే నూనె తీయడం ప్రాణాలతో ఆట. బూజు పట్టిన వేరుశనగలు కూడా వద్దు, ఆ బూజు పుట్టించే అఫ్లటాక్సిన్ అనే విషం నూనెలోకి కూడా కొంత వస్తుంది. అవిసె నూనె తీస్తే, తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె గాలి తగిలి గట్టిపడుతూ వేడిని పుట్టిస్తుంది, కుప్పలో ఆ వేడి పేరుకుంటే గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. ఒక్కో గుడ్డా విడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో తడిపి పారేయాలి. వీడియోలవాళ్లు ఇలాంటివి చెప్పకుండా రంగు గురించీ వాసన గురించీ ఊదరగొడతారు.

ఈ రోజు పొద్దున మళ్లీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను, ఈసారి స్పీకర్ పెట్టలేదు. వేరే అమ్మాయి ఎత్తింది. తేమ సంగతి, వేయించకూడదన్న సంగతి, చల్లారిన యంత్రాన్ని బలంగా తిప్పితే బోల్టు విరుగుతుందన్న సంగతి ఒక్కొక్కటిగా చెప్పాను. ఓపికగా విని, "ఏడు శాతమా మేడమ్? ఒక్క నిమిషం, రాసుకుంటాను" అంది. రాసుకున్నాక మళ్లీ చదివి వినిపించమని అడిగాను. తప్పు లేకుండా చదివింది.