ఒకే ప్లగ్గు బోర్డు మీద అసలూ నకలూ

పర్లాకిమిడిలో నాది నాలుగు కంప్యూటర్ల చిన్న ఆఫీసు. బియ్యం మిల్లులవారు, టోకు కిరాణా వ్యాపారులు, ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లు మా ఖాతాదారులు. వారి లెక్కలు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం, ఆదాయపు పన్ను కాగితాలు సిద్ధం చేయడం మా పని. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినా చిట్టా పుస్తకాల్లో తెలుగు పోలేదు కాబట్టి, ఒకే ఖాతాదారుడి ఫోల్డరులో తెలుగు చిట్టా స్కానూ, ఒడియా దస్తావేజూ, ఇంగ్లీషు ఇన్వాయిసూ పక్కపక్కనే ఉంటాయి. ఈ సరంజామా అంతటికీ నమ్మదగిన బ్యాకప్ పద్ధతి ఏదో తేల్చుకోవడానికి నాకు ఒక పిడుగూ, ఆ తరువాత దాదాపు ఏడాది కాలమూ పట్టాయి.

మూడేళ్ల క్రితం మే నెలలో ఒక సాయంత్రం, ఇక్కడివారు కాలవైశాఖి అనే గాలివాన మొదలవుతుండగానే మేము షట్టరు దించి ఇళ్లకు వెళ్లిపోయాము. మెయిన్ స్విచ్ కట్టేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మర్నాడు ఉదయం సర్వరుగా వాడే కంప్యూటరు మీట నొక్కితే ఫ్యాను కూడా తిరగలేదు. దాని పక్కనే, అదే ప్లగ్గు బోర్డుకు అడాప్టరుతో తగిలించి, బ్యాకప్ కోసమే కొన్న హార్డ్ డిస్కు ఉండేది. అది రోజూ రాత్రి 8 గంటలకు దానంతట అదే నకలు తీసుకునేది. రెండేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు. దాన్ని ఇంకో కంప్యూటరుకు కలిపితే నీలం దీపం వెలగలేదు. అడాప్టరు మార్చి చూశాము. డబ్బా విప్పి లోపలి డిస్కును నేరుగా కలిపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాము. తిరుగుతున్న చప్పుడు లేదు. నగరంలో డేటా రికవరీ చేసే దుకాణానికి పంపితే మూడు వారాల తరువాత డబ్బా తిరిగొచ్చింది, డేటా రాలేదు.

అప్పటికి మా చేతిలో మిగిలినది డిసెంబరు నెలాఖరున ఏదో పని మీద ఇంటికి తీసుకువెళ్లిన ఒక పెన్ డ్రైవ్ మాత్రమే. జనవరి నుంచి మే వరకు చేసిన ఎంట్రీలు, అందులోనూ మార్చి ముగింపు సర్దుబాట్లు, అన్నీ మళ్లీ రాయవలసి వచ్చింది. అమ్మకాల వివరాలు జీఎస్టీ పోర్టల్‌లోని జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను నుంచీ, కొనుగోళ్లు జీఎస్టీఆర్-2బీ అనే పట్టిక నుంచీ, బ్యాంకు లావాదేవీలు స్టేట్‌మెంట్ల నుంచీ దొరికాయి. నగదు వోచర్లు ఎక్కడా దొరకవు కనుక ఖాతాదారుల దగ్గరకు వెళ్లి కట్టలు తెచ్చుకున్నాము. ఒక మిల్లు యజమాని ఆ కట్ట అందిస్తూ, "కంప్యూటర్లో పెడితే భద్రమన్నావు కదా బాబూ" అన్నారు. ఎత్తిపొడుపుగా అన్నారో మామూలుగా అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. నలభై రోజులపాటు హాలులో చాపలు పరిచి, నెలకొక కుప్పగా బిల్లులు పేర్చి, వాటి మీద బరువుకు రాళ్లు పెట్టుకుని పని చేశాము.

ఆ నలభై రోజుల్లో నాకు ముందుగా బోధపడినది ఏమిటంటే, ఆఫీసులోని డేటా అంతా ఒకే విలువ గలది కాదు. దాఖలైన రిటర్ను పోర్టల్ నుంచి మళ్లీ దించుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించుకోవచ్చు. టాలీ ఎంట్రీలూ, మేము వేసుకున్న లెక్కల ఎక్సెల్ ఫైళ్లూ, అసలు కాగితం ఖాతాదారుడికి తిరిగి ఇచ్చేసిన స్కాన్లూ మాత్రం మా దగ్గర పోతే ఇక ఎక్కడా ఉండవు. రిటర్నుల మీద కంప్యూటరులోనే సంతకం చేయడానికి వాడే డిజిటల్ సంతకం టోకెన్ సంగతి ఇంకోలా ఉంటుంది. అందులోని రహస్య కీని నకలు తీయడానికి వీలే ఉండదు, పోతే కొత్తది తీసుకోవలసిందే. బ్యాకప్ డిస్కు ఎంత పెద్దది కొనాలని దుకాణంలో అడిగే ముందు ఈ జాబితా ఒక కాగితం మీద రాసుకోవడం మేలు. మా విషయంలో పోతే రానిది, టాలీ డేటా కొద్ది జీబీలూ, స్కాన్లు 180 జీబీ వరకూ అని తేలింది.

బ్యాకప్ గురించి ఎవరిని అడిగినా 3-2-1 అనే సూత్రం చెబుతారు. డేటా మూడు కాపీలుగా ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరు తన వృత్తి అవసరం కోసం చెప్పిన ఈ మాట తరువాత అందరికీ పనికొచ్చింది. మా పాత ఏర్పాటును దీనితో కొలిస్తే రెండు కాపీలు, ఒకే గది, ఒకే కరెంటు తీగ. పెద్ద సంస్థల దగ్గర కూడా ఈ పొరపాటు ఉంటుందని 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే సంస్థ డేటా సెంటరు (సర్వర్లు ఉంచే భవనం) తగలబడినప్పుడు బయటపడింది. అసలు డేటాతోపాటు బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్న వారికి రెండూ బూడిదయ్యాయి.

"వేరే చోట" అన్న మాటను మా ప్రాంతంలో కొంచెం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. నేను మొదట ఒక డిస్కును పాతపట్నంలోని బంధువుల ఇంట్లో ఉంచాను. ఊరు వేరు, జిల్లా వేరు, రాష్ట్రమే వేరు కదా అన్న ధీమా ఉండేది. అయితే 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లానూ మా గజపతి జిల్లానూ కలిపే తిప్పలు పెట్టింది. రాష్ట్రం మారినంత మాత్రాన గాలివాన మారదు, మహేంద్రతనయ నది వరద సరిహద్దు రాయి చూసి ఆగదు. ఇప్పుడు దూరపు డిస్కు రాయగడలోని మా అక్క ఇంట్లో ఉంటుంది. మొదటిసారి ఇచ్చినప్పుడు, "ఇందులో ఏటుందిరా, బీరువాలో పెట్టి తాళం వెయ్యమంటున్నావు?" అని అడిగింది. అరవై మంది ఖాతాదారుల పాన్ కార్డులూ, బ్యాంకు ఖాతాల నంబర్లూ ఉన్నాయని చెబితే ఆవిడకు ఆ రాత్రి నిద్ర పట్టలేదట. అక్క భయం న్యాయమైనదే. అందుకే ఆఫీసు దాటి వెళ్లే ప్రతి డిస్కునూ, విండోస్‌లోనే ఉండే బిట్‌లాకర్‌తో, కీ లేనిదే చదవడానికి వీలు లేకుండా తాళం వేసి పంపుతున్నాను. విండోస్ హోమ్ ఎడిషన్‌లో అలా తాళం వేసే వీలు లేదు, ప్రో ఎడిషన్ కావాలి. 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి డిస్కుకు దూరంగా మా ఇంట్లో దాచాను. డిస్కుతోపాటే ఉంచితే తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టు అవుతుంది.

దూరంగా ఉంచడమే కావాలంటే, ఇంటర్నెట్ ద్వారా వేరే సంస్థ సర్వర్లలో దాచుకునే క్లౌడ్ ఉండగా డిస్కులు మోయడం ఎందుకని మా ఆఫీసులోని కుర్రవాడు అడిగాడు. లెక్క వేసి చూపించాను. మా అప్‌లోడ్ వేగం నికరంగా 10 ఎంబీపీఎస్ అనుకుంటే 180 జీబీ పైకి ఎక్కడానికి నలభై గంటలు ఆగకుండా పట్టాలి. పెద్ద ప్రమాదం తరువాత అదంతా తిరిగి దించుకోవడానికి కూడా సమయం కావాలి, అదీ తుపాను తరువాత కరెంటూ టవర్లూ మళ్లీ పని చేయడం మొదలయ్యాకే. కాబట్టి క్లౌడ్‌ను వద్దనలేదు, రోజూ మారే చిన్న డేటాకు దాన్ని కేటాయించాను. టాలీ బ్యాకప్, ఎక్సెల్ ఫైళ్లు ప్రతి సాయంత్రం పైకి వెళతాయి. స్కాన్ల బరువు డిస్కులు మోస్తాయి.

అయితే క్లౌడ్ అనగానే చాలామంది చేసేది సింక్. ఈ రెంటికీ ఉన్న తేడా తెలియక మోసపోయినవారిని నేను చాలామందిని చూశాను. సింక్ చేసే ఫోల్డరులో ఒక ఫైలు చెరిపేస్తే పైన కూడా చెరిగిపోతుంది. ఇక్కడ పాడైన ఫైలు అక్కడా పాడవుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో చెరిపిన ఫైలు 30 రోజులు ఉంటుంది, ఆ తరువాత ఉండదు. ఫొటోలు తీసుకునేవారికి ముప్పై రోజులు చాలునేమో, లెక్కల ఆఫీసుకు చాలవు. ఆగస్టులో ఎవరో పొరపాటున మార్చిన లెడ్జరు మార్చి నెలలో బ్యాలెన్సు కలిపితే గాని బయటపడదు. అప్పుడు ఆగస్టునాటి నకలు ఎక్కడ ఉంటుంది? దీనికి కంప్యూటరు రంగంలో ఎప్పటినుంచో తాత, తండ్రి, కొడుకు అనే పద్ధతి ఒకటి ఉంది. రోజువారీ నకళ్లు కొడుకులు, ఏడు రోజుల తరువాత వాటి మీద కొత్తవి రాస్తాము. వారాంతపు నకలు తండ్రి, నెలంతా ఉంటుంది. నెలాఖరు నకలు తాత. దాని మీద ఏమీ రాయము, సంవత్సరాంతపు తాత అయితే అసలే కదలడు. జీఎస్టీ చట్టం 36వ సెక్షను ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలపాటు లెక్కలు భద్రపరచాలి కనుక ఆ తాతలను ఆరేళ్లు దాటేదాకా పోషించక తప్పదు. మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినంగా జరుపుకుంటారని విన్నప్పుడు నవ్వు వచ్చింది. మా వృత్తిలో ఆ రోజు అన్నం తినడానికే తీరిక ఉండదు.

డిస్కులు ఎప్పుడూ కంప్యూటరుకు తగిలించి ఉంచకూడదన్నది పిడుగు నేర్పిన సంగతే అయినా, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ విషయంలోనూ అదే వర్తిస్తుంది. 2017 మేలో వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు, ఆ క్షణాన కంప్యూటరుకు కలిపి ఉన్న డిస్కులకు కూడా తాళాలు పడ్డాయి. ఇప్పుడు అక్క ఇంట్లోది కాక ఆఫీసులో రెండు డిస్కులున్నాయి, మూతల మీద ఎర్ర టేపూ ఆకుపచ్చ టేపూ అంటించాము. శనివారం ఒకటి కలుపుతాము, పని అయ్యాక తీసి ఇనప బీరువాలో పెడతాము. మరుసటి శనివారం రెండోది. రెండూ ఒకేసారి బల్ల మీద ఉండకూడదన్నది ఆఫీసు నియమం.

బరంపురంలోని ఒక దుకాణదారు నెట్‌వర్కుకు కలిపి వాడే రెండు డిస్కుల నాస్ పెట్టె చూపించి, "ఒకటి పోయినా రెండోది ఉంటుంది సార్, ఇంక బ్యాకప్ ఎందుకు?" అన్నారు. ఒక డిస్కు చెడిపోతే పని ఆగకుండా ఉండడానికి, రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా రాసే ఈ రెయిడ్ పద్ధతి మంచిదే. చేత్తో చెరిపిన ఫైలు మాత్రం అందులో రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో చెరుగుతుంది. కొనలేదు.

ఇదంతా అమర్చుకున్నాక కూడా నాకు ధైర్యం రాలేదు, ఎందుకంటే పిడుగుకు ముందు కూడా అంతా సక్రమంగానే ఉందనుకున్నాను. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసును చెరిపేసినప్పుడు, వారికున్న అయిదు రకాల ఏర్పాట్లలో ఏదీ సరిగా అక్కరకు రాలేదు. చివరికి అదృష్టవశాత్తు తీసి ఉంచిన ఆరు గంటల కిందటి నకలుతో బయటపడ్డారు. ఆ వృత్తాంతాన్ని వారే దాచకుండా రాశారు. అది చదివాక నెలలో మొదటి ఆదివారాన్ని వెనక్కి తెచ్చి చూసే పరీక్షకు కేటాయించాను. ఒక పాత ల్యాప్‌టాప్ తీసుకుని, బీరువాలోని డిస్కు నుంచి ఏదో ఒక ఖాతాదారుడి టాలీ నకలును రీస్టోర్ చేస్తాము. అది కూడా వేరే ఫోల్డరులోకి. అసలు డేటా ఉన్న ఫోల్డరులోకి చేస్తే పాతది వచ్చి కొత్తదాని మీద కూర్చుంటుంది. అన్ని ఖాతాల నిల్వలూ చూపే ట్రయల్ బ్యాలెన్సు తీసి, బ్యాకప్ తీసిన రోజు ప్రింటు చేసి ఉంచిన దానితో అణాపైసలతో సహా సరిచూస్తాము. టాలీలో కంపెనీ తెరిచి ఉండగా ఫోల్డరును కాపీ చేస్తే నకలు సరిగా రాకపోవచ్చని ఈ పరీక్షలోనే తెలిసింది. అప్పటి నుంచి అన్ని కంప్యూటర్లలో కంపెనీలు మూశాకే బ్యాకప్ మొదలవుతుంది.

మూడో ఆదివారం పరీక్షలో ఇంకో సంగతి బయటపడింది. లెక్కలు సరిపోయాయి, స్కాన్లు తెరుచుకున్నాయి, కానీ పదేళ్ల కిందటి భాగస్వామ్య ఒప్పందాలు తెరిస్తే తెరనిండా పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాల మధ్య డాలరు గుర్తులు. ఫైలు పాడైందనుకుని ఎర్ర డిస్కు నుంచి చూశాను, ఆకుపచ్చ డిస్కు నుంచి చూశాను, అదే వరుస. పక్క బల్ల మీది కుర్రవాడు తొంగి చూసి, "సార్, ఇది ఆకృతి ఫాంటు, ఈ ల్యాప్‌టాప్‌లో లేదు" అన్నాడు. అన్ని కంప్యూటర్లలోనూ ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతి వాడుకలో స్థిరపడకముందు ఒడియా దస్తావేజులు ఆకృతిలోనూ తెలుగువి అనూలోనూ కొట్టేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి అక్షరాలే కావు. పిడుగుకు పోయిన కంప్యూటరులో ఆ ఫాంట్లు ఉండేవి, బ్యాకప్ జాబితాలో ఎప్పుడూ లేవు. పాత సీడీలు వెతికి, ఫాంట్లను ఒక ఫోల్డరులో వేసి మూడు చోట్లా చేర్చాము. ఒప్పందాలను తెరిచి ఒక్కొక్కటిగా పీడీఎఫ్ చేస్తున్నాము. ఇంకా డెబ్బయ్యో ఎనభయ్యో మిగిలాయి.