కాళ్లు పడిపోకముందే వచ్చే నొప్పి: జీబీఎస్, ఫ్లోరైడ్, ఒక సుత్తి

గిలాన్-బారే సిండ్రోమ్ (జీబీఎస్: ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే జబ్బు) అనగానే కాళ్లు చచ్చుబడటమే గుర్తొస్తుంది. 2025 జనవరిలో పుణెలో కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు కూడా మాటంతా వెంటిలేటర్ల చుట్టూనే తిరిగింది. నిజానికి ఈ జబ్బు తొలిదశలో సుమారు మూడింట రెండు వంతుల మందికి నొప్పి ఉంటుంది. కొందరికి బలహీనత కన్నా వారం, పది రోజుల ముందే మొదలవుతుంది. మన దగ్గర చేజారిపోయేది ఆ వారమే.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు నడివయసు మనిషి వచ్చి "నడుం వట్టుకుంది, పిక్కలు గుంజుతున్నయ్, అరికాళ్లు తిమ్మిర్లెక్కినయ్" అంటే జవాబు ముందే తయారుగా ఉంటుంది: ఫ్లోరైడ్. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు. కృష్ణా నీళ్లు వచ్చినంత మాత్రాన ఎముకలో పేరుకున్నది కరిగిపోదు. కానీ ఫ్లోరోసిస్ చేసే పని వేరు. వెన్నుపూసల మధ్య లిగమెంట్లు గట్టిపడి, నాళం ఇరుకై, వెన్నుపాము నలుగుతుంది. దీనికి నెలలు, ఏళ్లు పడుతుంది. కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి, మోకాలి కింద సుత్తితో తడితే కాలు మామూలుకంటే ఎక్కువగా ఎగురుతుంది. జీబీఎస్‌లో కథ రోజుల్లో నడుస్తుంది. కాళ్లు వదులవుతాయి, మడమ దగ్గర తట్టినా కదలిక రాదు. ఎమ్మారై కన్నా ముందు వాడాల్సింది ఆ సుత్తి. అయితే మొదటి రోజుల్లో కొందరికి రిఫ్లెక్సులు (తడితే వచ్చే ఈ కదలికలు) మిగిలే ఉంటాయి. కాబట్టి ఒకసారి చూసి వదలకుండా మర్నాడు మళ్లీ తట్టి చూడాలి.

ఎమ్మారై మరో చిక్కు తెస్తుంది. జీబీఎస్‌లో వాపు వెన్నుపాము నుంచి నరం బయటికొచ్చే వేరు దగ్గర మొదలవుతుంది. ఆ వేళ్ల పైపొరకు దాని సొంత సన్నని నరాలున్నాయి. వాపు వాటిని రేపితే నడుములో లోతైన నొప్పి పుడుతుంది. కాలు నిటారుగా పైకెత్తితే వేరు సాగి నొప్పి పెరుగుతుంది, అచ్చం సయాటికాలాగే. స్కాన్ తీస్తే నలభై దాటిన చాలామందికి ఉండే డిస్క్ ఉబ్బు ఇక్కడా కనిపిస్తుంది. ఇంకేం, డిస్క్ అని రాసి పంపేస్తారు. డిస్క్ నొప్పి ఎక్కువగా ఒక కాలికే దిగుతుంది. రెండు కాళ్లూ ఒకేసారి గుంజుతూ, రాత్రి ఎక్కువవుతూ, ఈమధ్యే విరేచనాలో జ్వరమో తగ్గి ఉంటే డిస్క్ మీద నమ్మకం పెట్టుకోకూడదు.

ఆ విరేచనాలకు కారణం చాలాసార్లు క్యాంపైలోబ్యాక్టర్, సరిగా ఉడకని కోడిమాంసం నుంచో కలుషిత నీటి నుంచో వచ్చే బ్యాక్టీరియా. దాని పైపొరలోని చక్కెర నిర్మాణం మన నరాల మీదుండే జీఎం1 గ్యాంగ్లియోసైడ్ అనే కొవ్వు-చక్కెర పదార్థాన్ని పోలి ఉంటుంది. బ్యాక్టీరియా కోసం తయారైన యాంటీబాడీలు ఒకటి నుంచి మూడు వారాల్లో నరానికే అంటుకుంటాయి, కణాలను దెబ్బతీసే కాంప్లిమెంట్ ప్రోటీన్లను పిలుస్తాయి. ఈ దారిలో దెబ్బ ప్రధానంగా కదలిక నరాల ఆక్సాన్లకు, అంటే నరం లోపలి తీగలకు తగులుతుంది. ఆ తీగ మీది పూత, మైలిన్, ఊడిపోయే రకంలో నొప్పి మరింత ఎక్కువ. మైలిన్ పోయిన చోట, సంకేతాన్ని పుట్టించే సోడియం చానళ్లు ఉండాల్సిన చోట కాకుండా తీగ పొడవునా పరుచుకుంటాయి, ఏ కారణం లేకుండానే సంకేతాలు పుడతాయి. రోగి చెప్పే "కరెంటు కొట్టినట్లు" అదే. అక్కడికి చేరిన మాక్రోఫేజ్‌లు (ఒక రకం రక్షణ కణాలు) వదిలే టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి వాపు రసాయనాలు నొప్పిని మోసే సన్నని సీ ఫైబర్లను రేపి మంటలు పుట్టిస్తాయి. కొన్నాళ్లకు వెన్నుపాములోని కణాలు కూడా ఈ గోలకు అతిగా స్పందించడం మొదలుపెట్టి, దుప్పటి తగిలినా నొప్పే అన్నట్లు తయారవుతాయి. అప్పుడు నరం మానుతున్నా నొప్పి మానదు.

జీబీఎస్‌లో వెన్నునీరు తీస్తే ప్రోటీన్ ఎక్కువ, కణాలు తక్కువ ఉండాలి. మొదటి వారంలో ప్రోటీన్ నార్మల్‌గా రావడం మామూలే, దానితో జబ్బు లేదని రాయకూడదు. మైక్రోలీటరుకు 50కి పైగా కణాలుంటే వేరే కారణం వెతకాలి. నరాల కండక్షన్ పరీక్షా అంతే, తొందరపడి తీస్తే ఏమీ చూపదు. రక్తంలో పొటాషియం మాత్రం మొదటి గంటలోనే చూడాలి. పొద్దున లేవగానే కాళ్లు రాలేదు, తిమ్మిరి లేదు, నొప్పి లేదు అంటే పొటాషియం తగ్గి ఉండొచ్చు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లకు కడుపునొప్పితో మొదలై రెప్పలు వాలితే కట్లపాము కాటును తోసిపుచ్చాకే మిగతావి.

డెక్సా (స్టెరాయిడ్), డైక్లో (నొప్పి మందు డైక్లోఫెనాక్) కలిపి వేసే సూదుల గురించి ఒక మాట. జీబీఎస్‌లో స్టెరాయిడ్ పని చేయదు. నోటి ద్వారా ఇస్తే ఫలితం ఇంకా చెడొచ్చు కూడా. వెన్నుపాముకే వాపొచ్చే ట్రాన్స్‌వర్స్ మైలైటిస్‌లో మాత్రం రోజుకు 1 గ్రాము మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 3 నుంచి 5 రోజులు ఇస్తారు, అక్కడ ఆలస్యమే ప్రమాదం. నడుము చుట్టూ పట్టీ బిగించినట్లు నొప్పి, మూత్రం ఆగిపోవడం అటువైపు చూపే గుర్తులు. అంటే జబ్బు తేలకుండా స్టెరాయిడ్ గుచ్చడం రెండు విధాలా నష్టం.

జీబీఎస్‌కు మందు ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు): కిలోకు రోజుకు 0.4 గ్రాములు, 5 రోజులు. 60 కిలోల మనిషికి మొత్తం 120 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు 24. రెండు వారాల్లోపు మొదలుపెట్టాలి. చేర్చిన రోజే ఆరోగ్యమిత్రను కలిసి ఆరోగ్యశ్రీ సంగతి అడగాలి, ఎందుకంటే ఖర్చంతా ఈ సీసాలదే. ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చడం) దీనికి సమానంగా పనిచేస్తుంది. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాక ప్లాస్మా మార్చితే మాత్రం ఎక్కించిన మందే బయటికి పోతుంది.

నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. బయల్దేరే ముందు ఒక్క దమ్ములో గట్టిగా అంకెలు లెక్కపెట్టించండి. 20 దాటకపోయినా, దిండు మీది నుంచి తల ఎత్తలేకపోయినా వెంటిలేటర్ ఉన్న అంబులెన్స్ కావాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 98 కనిపించిందని ధైర్యపడొద్దు, ఈ జబ్బులో ఆ అంకె అన్నిటికన్నా చివర పడిపోతుంది. శ్వాసకు గొట్టం వేయాల్సి వస్తే, కండరాలను వదులు చేసే సక్సినైల్‌కోలిన్ వాడకూడదు: పొటాషియం ఎగబాకి గుండె ఆగొచ్చు.

నొప్పికి గాబాపెంటిన్ రాత్రి 300 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు, కిడ్నీ చూసుకుంటూ. కార్బమజెపైన్ పనిచేస్తుంది గానీ సోడియం తగ్గిస్తుంది, జీబీఎస్ కూడా తగ్గించగలదు. బీపీ, గుండె లయ ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు అమిట్రిప్టిలిన్ జోలికి పోకపోవడమే మంచిది. మార్ఫిన్ రకం మందులు శ్వాసను, పేగులను మరింత నెమ్మదింపజేస్తాయి. డైక్లోఫెనాక్ నరం నొప్పిని పెద్దగా తాకదు, పైగా ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కుతున్న రోజుల్లో కిడ్నీకి అదనపు భారం. నడక వచ్చాక కూడా, ఏడాది గడిచినా, మూడో వంతుకు పైగా మందికి ఏదో ఒక నొప్పి మిగులుతుంది. అప్పుడు గాబాపెంటిన్‌ను ఒక్కరోజులో ఆపకుండా కొన్ని వారాల మీద తగ్గించాలి.