క్యాంపస్ మైక్రోగ్రిడ్: బ్యాటరీ కొనేముందు ఫీడర్లు విడదీయండి

కాలేజీ భవనాల మీద 400 కిలోవాట్ల సోలార్ ఉంది. మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండ. లైన్లో కరెంటు పోయింది, మరుక్షణమే సోలార్ కూడా ఆగిపోయింది. ఎండ ఉండీ ప్యానెళ్లు ఉండీ కరెంటు ఎందుకు లేదని ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి హాస్టల్ వార్డెన్ దాకా అందరూ అడుగుతారు. ఇన్వర్టర్‌లో లోపమేమీ లేదు, దాన్ని అలాగే తయారుచేశారు. మామూలు గ్రిడ్-టై ఇన్వర్టర్ లైన్లో ఉన్న వోల్టేజీని, 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీని పట్టుకుని దాని వెంట నడుస్తుంది. ఆ తోడు పోతే 2 సెకన్లలోపు తప్పుకోవాలన్నది నిబంధన. తప్పుకోకపోతే ఇక్కడి కరెంటు వెనక్కి లైన్లోకి పోయి, స్తంభమెక్కి తీగ కడుతున్న లైన్‌మన్ ప్రాణాల మీదికొస్తుంది.

బయటి లైన్ పోయినా క్యాంపస్ తన కరెంటు తనే నడుపుకునే ఏర్పాటును మైక్రోగ్రిడ్ అంటారు. కాబట్టి సోలార్ ఉన్నంత మాత్రాన మైక్రోగ్రిడ్ అయిపోదు. దానికి మూడు కావాలి. లైన్ నుంచి క్యాంపస్‌ను పూర్తిగా విడదీసే బ్రేకరు ఒకటి. బయటి తోడు లేకుండా తనే వోల్టేజీని, ఫ్రీక్వెన్సీని నిలబెట్టే యంత్రం మరొకటి: అది గ్రిడ్-ఫార్మింగ్ బ్యాటరీ ఇన్వర్టర్ కావచ్చు, డీజిల్ జనరేటర్ కావచ్చు, గ్యాస్ టర్బైన్ కావచ్చు. మూడోది, ఆ యంత్రం మోయగలిగినంతకు లోడును క్షణాల్లో తగ్గించే ఏర్పాటు. మొదటి రెండూ డబ్బిస్తే వస్తాయి. మూడోది రావాలంటే పాత ప్యానెల్ బోర్డులు విప్పాలి, కేబుళ్లు మార్చాలి. అందుకే టెండర్లలో మొదటి రెండే కనిపిస్తాయి. చాలా క్యాంపస్‌లలో డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయాన్ని ఈ విషయంలో అందరూ ఉదాహరణగా చెబుతారు. 2012 అక్టోబర్ 29న శాండీ తుఫాను న్యూజెర్సీని తాకినప్పుడు చుట్టుపక్కల ఊళ్లు చీకట్లో ఉంటే, క్యాంపస్ ప్రధాన భాగం సొంత కరెంటు మీద నడిచింది. వాళ్లకు సుమారు 15 మెగావాట్ల గ్యాస్ టర్బైన్ ఉండేది, అది కరెంటుతో పాటు ఆవిరి కూడా ఇచ్చేది. అయితే క్యాంపస్ గరిష్ఠ వాడకం అంతకన్నా ఎక్కువ. అత్యవసరం కాని లోడును తీసేశారు కాబట్టే టర్బైన్ నిలబడింది. ఇందులో మనం నేర్చుకోవాల్సినది టర్బైన్ గురించి కాదు, ఏ స్విచ్ తీస్తే ఏ భవనం ఆగుతుందో వాళ్లకు ముందే తెలిసి ఉండటం గురించి.

జపాన్‌లోని సెండాయ్ అనుభవం ఇంకొంచెం కఠినమైనది. తోహోకు ఫుకుషి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక్కొక్కటి 350 కిలోవాట్ల గ్యాస్ ఇంజన్లు రెండు, 50 కిలోవాట్ల సోలార్, బ్యాటరీలు ఉండేవి. 2011 మార్చి 11 భూకంపం రాగానే గ్యాస్ ఇంజన్లు ఆగిపోయాయి. అతి ముఖ్యమైన లోడ్లను మాత్రం బ్యాటరీ, సోలార్ కలిసి మోశాయి. ఇంజన్లను మర్నాడు మనుషులు వెళ్లి, తనిఖీ చేసి, చేత్తో నడిపించాకే మిగతావాటికి కరెంటు అందింది. ఆటోమేటిక్‌గా జరగాల్సిన పని జరగనప్పుడు చేత్తో చేసే మార్గం ఉండాలి, ఆ మార్గం తెలిసిన మనిషి క్యాంపస్‌లోనే ఉండాలి.

ఇక మన దగ్గరికొద్దాం. కోస్తాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ అనుకోండి. 11 కేవీ హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసు, గరిష్ఠ డిమాండు 1,200 కిలోవాట్లు, హాస్టల్లో 1,500 మంది. మొత్తం 1,200 కిలోవాట్లకూ బ్యాకప్ కావాలని మొదలుపెడితే లెక్క ఎక్కడా తేలదు. కరెంటు లేని రాత్రి నిజంగా ఏవి నడవాలో రాసుకోండి. గదికి ముగ్గురు చొప్పున 500 గదులు, గదికి రెండు ఫ్యాన్లు. పాత ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు, అంటే ఫ్యాన్లకే 75 కిలోవాట్లు. వాటి స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే 30 కిలోవాట్లు. తేడా 45 కిలోవాట్లు. పది గంటల రాత్రికి 450 యూనిట్లు. ఆ 450 యూనిట్లు నిల్వచేసే బ్యాటరీ ధరా, వెయ్యి ఫ్యాన్ల ధరా పక్కపక్కన పెట్టి చూడండి. ఫ్యాన్లు మిగతా 360 రోజులూ బిల్లు కూడా తగ్గిస్తాయి. మైక్రోగ్రిడ్ పని ఫ్యాన్లతో మొదలవ్వాలని చెబితే సలహాదారులు పెద్దగా ఇష్టపడరు, కానీ లెక్క అదే చెబుతుంది.

మిగతావి: గదుల్లో లైట్లు 10 కిలోవాట్లు, ఫోన్లు, లాప్‌టాప్‌ల చార్జింగ్ 30, సర్వర్ గది ఏసీతో కలిపి 30, ఆరోగ్య కేంద్రం 15, మెస్‌లో కోల్డ్ రూమ్ 15, ల్యాబుల్లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు 15, వీధి దీపాలు 5. ఫ్యాన్లతో కలిపి 150 కిలోవాట్లు. పగలు రెండు 15 కిలోవాట్ల నీళ్ల మోటార్లు కలిపితే 180. రోజుకు దాదాపు 3,900 యూనిట్లు. 1,200 ఎక్కడ, 180 ఎక్కడ!

అయితే ఈ 180 కిలోవాట్లు ఒకే ఫీడరు (ఒక్కో భాగానికి కరెంటు తీసుకెళ్లే ప్రధాన కేబుల్) మీద ఉండవు. హాస్టల్ రైజింగ్ మెయిన్‌లో, అంటే అంతస్తులన్నిటికీ కరెంటు ఎక్కించే ప్రధాన లైన్లో, ఫ్యాన్లు, గీజర్లు, వార్డెన్ ఏసీ అన్నీ ఒకే బస్‌బార్ నుంచి పోతుంటాయి. విడదీసేందుకు రెండు దారులున్నాయి. కొత్త కట్టడమైతే అంతస్తుకు రెండు డిస్ట్రిబ్యూషన్ బోర్డులు పెట్టి, అత్యవసర లోడుకు వేరే రైజర్ వేయడం మేలు. పాత కట్టడంలో గీజర్లు, ఏసీల సర్క్యూట్లకు కాంటాక్టర్లు (దూరం నుంచి తెరిచి మూయగల విద్యుత్ స్విచ్‌లు) పెట్టి, ఒకే కంట్రోల్ తీగతో అన్నీ ఒకేసారి పడిపోయేలా చేయడం చవక. కాంటాక్టర్ కాయిల్‌కు సరఫరా ఉంటేనే లోడు అతుక్కునేలా వైరింగ్ చేయండి. అప్పుడు కంట్రోలర్ చెడిపోయినా గీజర్లు ఆగుతాయే గానీ బ్యాటరీ మీద పడవు. గది సాకెట్లకు చిన్న రేటింగు ఎంసీబీ తప్పదు. 1,500 వాట్ల ఎలక్ట్రిక్ కెటిల్స్ ఇరవై ఒకేసారి పెడితే అది 30 కిలోవాట్లు, అంటే సర్వర్ గది అంత.

బ్యాటరీ ఎంత పెట్టాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. హైదరాబాద్, వరంగల్ వైపు వేసవి గాలివానకు చెట్టు కూలితే రెండు నుంచి నాలుగు గంటల్లో కరెంటు వస్తుంది. అక్కడ వాడుకోగలిగిన 500 యూనిట్ల బ్యాటరీ 150 కిలోవాట్ల లోడును మూడు గంటలకు పైగా మోస్తుంది, డీజిల్ ముట్టుకోనక్కర్లేదు. విశాఖ, శ్రీకాకుళం వైపు కథ వేరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చినప్పుడు కరెంటు గంటలు కాదు, రోజుల తరబడి లేదు. తుఫాను మబ్బుల్లో సోలార్ కూడా పడిపోతుంది. ఎండ కాసే రోజున 400 కిలోవాట్ల ప్యానెళ్లు 1,600 యూనిట్లిస్తే, ముసురు పట్టిన రోజున 300 వచ్చినా గొప్పే. మిగిలిన 3,600 యూనిట్లూ డీజిల్ మీదే. లీటరుకు మూడున్నర యూనిట్ల చొప్పున రోజుకు 1,030 లీటర్లు.

మన దగ్గర జనరేటర్ ట్యాంకు సాధారణంగా 990 లీటర్లే ఉంటుంది, ఎందుకంటే వెయ్యి లీటర్లు దాటని పాత్రల్లో మొత్తం 2,500 లీటర్ల దాకా డీజిల్‌ను లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అంటే ఒక ట్యాంకు ఒక రోజుకు కూడా చాలదు. రెండు ట్యాంకులు పెట్టుకుంటే దాదాపు రెండు రోజులు. ఊళ్లో కరెంటు లేకపోతే పెట్రోలు బంకు పంపు కూడా నడవదని గుర్తుంచుకోండి. కోస్తా క్యాంపస్ అయితే లైసెన్సు తీసుకుని పెద్ద నిల్వ పెట్టుకోవాలి. లేదా రెండో రోజు నుంచి లోడును సగానికి ఎలా తగ్గించాలో ముందే కాగితం మీద రాసి ఉంచాలి: చార్జింగ్ రోజుకు నాలుగు గంటలు, నీళ్ల మోటార్లు సోలార్ ఉన్నప్పుడే, ఫ్రీజర్లన్నీ ఒకే గదికి చేర్చడం.

ట్యాంకు, పంపు, ప్యానెల్ రూము ఎక్కడున్నాయో కూడా చూడండి. శాండీ తుఫానప్పుడు న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో జనరేటర్లు 13వ అంతస్తులో భద్రంగా ఉన్నాయి. కానీ ఇంధనం పైకి పంపే పంపులు సెల్లార్‌లో ఉండి మునిగిపోయాయి. మనుషులు మెట్ల మీద వరుసగా నిలబడి డీజిల్‌ను చేతులమీద పైకి అందించాల్సివచ్చింది.

సోలార్, డీజిల్ జోడించేటప్పుడు తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. 250 కేవీఏ జనరేటర్ అంటే సుమారు 200 కిలోవాట్లు. దాన్ని 30 శాతం లోడుకు తక్కువ, అంటే 60 కిలోవాట్ల లోపు ఎక్కువసేపు నడపకూడదు. కాలని డీజిల్, మసి సైలెన్సర్‌లో పేరుకుంటాయి. క్యాంపస్ లోడు 150 ఉండి, సోలార్ 140 ఇస్తే జనరేటర్‌కు మిగిలేది పది. ఒక మోటారు ఆగగానే కరెంటు జనరేటర్‌లోకి వెనక్కి పోయి రివర్స్ పవర్ రిలే ట్రిప్ చేస్తుంది, అంతా చీకటి. దీనికి సోలార్‌ను 90 దగ్గర బిగించే కంట్రోలర్ కావాలి. లేదా మిగులును బ్యాటరీ తీసుకోవాలి. బ్యాటరీ ఉంటే ఇంకో లాభం: జనరేటర్‌ను 75 నుంచి 80 శాతం లోడులో కొన్ని గంటలు నడిపి బ్యాటరీ నింపి, అర్ధరాత్రి వాడకం తగ్గాక పూర్తిగా ఆపేయొచ్చు.

బ్యాటరీ నిండిపోయాక సోలార్‌ను తగ్గించమని చెప్పడానికి బ్యాటరీ ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీని 50 నుంచి మెల్లగా పైకి జరుపుతుంది. కొత్త సోలార్ ఇన్వర్టర్లు దాన్ని చూసి ఉత్పత్తి తగ్గించుకుంటాయి. పాత ఇన్వర్టర్లలో చాలావాటికి పైహద్దు 50.5 హెర్ట్జ్ దగ్గర పెట్టి ఉంటుంది. అవి తగ్గించుకోవు, ఒక్కసారిగా అన్నీ పడిపోతాయి. నిమిషాల తర్వాత మళ్లీ అన్నీ వస్తాయి, మళ్లీ పడిపోతాయి. ఈ ఊగిసలాట కనిపిస్తే బ్యాటరీని తిట్టకండి, ప్రతి సోలార్ ఇన్వర్టర్ సెట్టింగులూ తీసి చూడండి.

ప్రొటెక్షన్ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రమాదం ఇక్కడే ఉంది. లైన్ నుంచి కరెంటు వస్తున్నప్పుడు షార్ట్ అయితే వేల ఆంపియర్లు పారి ఎంసీసీబీ (ఫీడర్లకు పెట్టే పెద్ద బ్రేకరు) వెంటనే పడుతుంది. బ్యాటరీ ఇన్వర్టర్‌కు ఆ బలం లేదు. 415 వోల్టుల వద్ద 500 కిలోవాట్ల ఇన్వర్టర్ రేటెడ్ కరెంటు సుమారు 695 ఆంపియర్లు. షార్ట్ అయినా 1.2 రెట్లు, అంటే 835 మించి ఇవ్వలేదు. 400 ఆంపియర్ల ఎంసీసీబీ పది రెట్ల వద్ద పడేలా పెట్టి ఉంటే దానికి 4,000 కావాలి. అది పడదు. ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది, ఎక్కడో ఒక కేబుల్‌లో జరిగిన షార్ట్‌కు క్యాంపస్ అంతా ఆరిపోతుంది. కాబట్టి ఎలక్ట్రానిక్ ట్రిప్ యూనిట్లున్న బ్రేకర్లు, ఐలాండ్ మోడ్‌కు (లైన్ నుంచి విడిపోయి సొంతంగా నడిచేటప్పుడు) వేరే సెట్టింగుల గ్రూపు, దానికి తోడు అండర్ వోల్టేజీ రిలేలు కావాలి. కింది స్థాయిలో ఫీడర్లు చిన్నవిగా విడగొడితే ఈ సమస్య సగం తీరుతుంది: 63 ఆంపియర్ల బ్రేకరును పడగొట్టేందుకు 835 చాలు.

ఇంకోటి న్యూట్రల్. 415 వోల్టుల వైపే ఐలాండ్ చేస్తే ట్రాన్స్‌ఫార్మర్ స్టార్ న్యూట్రల్, ఎర్తింగ్ చూసుకుంటే సరిపోతుంది. కానీ భవనాలు దూరదూరంగా ఉండి, 11 కేవీ రింగు ద్వారా కరెంటు పంపాలనుకుంటే, మన డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్‌ను వెనక్కి నడిపినప్పుడు 11 కేవీ వైపు ఎర్త్‌కు ఆధారమే ఉండదు. ఒక ఫేజ్ నేలకు తగిలినా ఎర్త్ ఫాల్ట్ రిలేకు తెలియదు, మిగతా రెండు ఫేజుల వోల్టేజీ 1.73 రెట్లు పెరిగి కేబుల్ ఎండ్లు పేలొచ్చు. ఎర్త్ ఆధారం కల్పించే జిగ్‌జాగ్ ఎర్తింగ్ ట్రాన్స్‌ఫార్మర్, అలాంటి ఫాల్ట్‌ను పసిగట్టే న్యూట్రల్ డిస్‌ప్లేస్‌మెంట్ రిలే లేకుండా ఆ పని చేయకండి. పైగా ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒక్కసారిగా చార్జ్ చేస్తే రేటెడ్ కరెంటుకు 8 నుంచి 12 రెట్లు లాగుతుంది, ఇన్వర్టర్ తట్టుకోలేదు. ముందే ట్రాన్స్‌ఫార్మర్లన్నీ కలిపి ఉంచి, వోల్టేజీని సున్నా నుంచి కొన్ని సెకన్లలో మెల్లగా పెంచే సాఫ్ట్ స్టార్ట్ ఉన్న ఇన్వర్టరే తీసుకోవాలి. 15 కిలోవాట్ల మోటారుకు కూడా ఇదే జాగ్రత్త: డైరెక్ట్ స్టార్టర్‌తో 28 ఆంపియర్ల మోటారు 165 లాగుతుంది. మోటారును మెల్లగా వేగం పెంచుతూ నడిపే వీఎఫ్‌డీ పెట్టండి.

క్రమం ఇలా ఉండాలి. లైన్ వోల్టేజీ పోగానే రిలే ఇన్‌కమర్ బ్రేకరు (బయటి లైన్ క్యాంపస్‌లోకి వచ్చే చోటి బ్రేకరు) తెరుస్తుంది. అదే క్షణంలో అత్యవసరం కాని ఫీడర్లు పడిపోతాయి. బ్యాటరీ మిగతాది పట్టుకుంటుంది. ఒకటి నుంచి ఐదు నిమిషాలు స్థిరంగా వోల్టేజీ చూశాక సోలార్ తనంతట వచ్చి కలుస్తుంది. బ్యాటరీ చార్జి 40 శాతానికి దిగితే జనరేటర్ స్టార్ట్ అయి సింక్ అవుతుంది, అంటే వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ సరిపోల్చుకుని కలుస్తుంది. లైన్ తిరిగి వచ్చాక తొందరపడొద్దు: తుఫాను తర్వాత మొదటి గంటలో కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. 15 నిమిషాలు నిలకడగా ఉంటేనే, ఫ్రీక్వెన్సీ తేడా 0.1 హెర్ట్జ్ లోపు, ఫేజ్ తేడా 10 డిగ్రీల లోపు ఉన్నప్పుడే సింక్ చెక్ రిలే అనుమతించాలి. తర్వాత ఫీడర్లను ఒక్కొక్కటిగా ఎక్కించండి. అన్నీ ఒక్కసారే ఎక్కిస్తే అన్ని యూపీఎస్‌లూ ఒకేసారి చార్జింగ్ మొదలుపెడతాయి. ఈ మొత్తం ఏర్పాటుకు డిస్కం అనుమతి, విద్యుత్ తనిఖీ అధికారి ఆమోదం తప్పనిసరి.

చివరికి వ్యవస్థను పడగొట్టేవి చాలా చిన్న వస్తువులు. జనరేటర్ స్టార్టింగ్ బ్యాటరీ చచ్చిపోయి ఉండటం అన్నిటికన్నా ఎక్కువ. దాని తర్వాత, కంట్రోలర్ మాట్లాడే నెట్‌వర్క్ స్విచ్ అత్యవసరం కాని ఫీడరు మీద ఉండటం. ఫీడరు పడగానే కంట్రోలర్‌కు చెవులు మూసుకుపోతాయి. రిలేలకు, బ్రేకరు ట్రిప్ కాయిల్‌కు సరఫరా ఇచ్చే డీసీ బ్యాటరీని ఏళ్ల తరబడి ఎవరూ కొలవకపోవడం మూడోది. రోజూ పీక్ బిల్లు తగ్గించడానికి పెద్ద బ్యాటరీని సాయంత్రానికి ఖాళీ చేసేసి, రాత్రి కరెంటు పోయినప్పుడు 5 శాతంతో దొరికిపోవడం నాలుగోది. బిల్లు కోసం వాడేటప్పుడు కనీసం 40 శాతం తాకకుండా ఉంచండి, జూన్ నుంచి డిసెంబర్ దాకా కోస్తాలో 70.

వారానికోసారి జనరేటర్‌ను ఖాళీగా పది నిమిషాలు తిప్పితే పరీక్ష అయినట్టు కాదు. నెలకోసారి, పరీక్షలు లేని ఆదివారం, ఇన్‌కమర్ బ్రేకరును నిజంగా తెరవండి. ఏడాదికి రెండుసార్లు రాత్రి ఎనిమిది గంటలకు, హాస్టల్ నిండుగా ఉన్నప్పుడు, రెండు గంటలు అలాగే ఉంచండి. ఆ రెండు గంటల్లో ఏ ఫీడరు ఎన్ని ఆంపియర్లు తీసుకుందో రాయండి. పోయిన పరీక్షకన్నా 20 శాతం పెరిగిన ఫీడరు దొరికితే, ఎలక్ట్రీషియన్‌ను అక్కడికి పంపి ఎవరు కొత్తగా ఏమి కలిపారో వెతికించండి.