జివతి గుట్టల్లో నెమలి బూర

దీపావళికి బల్లార్షాలో మా చిన్న మామయ్య ఇంటికి వెళ్లాను. "ఈడ ఏం చూస్తవ్‌రా, జివతి పోదాం పా, దండారి నడుస్తుంది" అన్నారాయన. దండారి అంటే దీపావళికి గోండులు చేసే ఆటల పండగ. వార్ధా వంతెన దాటితే రాజురా, తర్వాత గడ్‌చాందూర్ సిమెంటు దుమ్ము, ఆపైన మాణిక్‌గఢ్ గుట్టలు. ఇటు మహారాష్ట్ర, అటు మన ఆసిఫాబాద్ జిల్లా, గోండులకు మాత్రం రెండు వైపులా చుట్టాలే.

గూడెంలో పటేల్ ఇంటి ముందు మంచం మీద బూర పెట్టి ఉంది, దండారిలో దేవుడి వేషం కట్టి ఆడే గుసాడి తలకు పెట్టుకునే నెమలి ఈకల కిరీటం. వంగి చూశాను. వందల ఈకల ఈనెలను కింద దగ్గరగా బిగించి కట్టారు, అడుగున చుట్టూ అద్దం బిళ్లలు, జరీ పట్టీ, పక్కన కొమ్ములు. ఒక పెద్దాయన వాలిన ఈకనొకదాన్ని వేళ్లతో నిమిరి నిలబెడుతున్నాడు, పసిపిల్ల జుట్టు సరిచేసినట్టు. "రామ్ రామ్ దాదా, ముట్టుకోవచ్చా?" అన్నాను. "వద్దు, పూజైంది" అన్నాడు మెల్లగా.

ఈకకు ఇంత గౌరవం ఇక్కడే కాదు. ప్రాచీన ఈజిప్టు బొమ్మల్లో చనిపోయినవాడి గుండెను తక్కెడలో ఒకవైపు, మాట్ దేవత ఈకను మరోవైపు పెడతారు, ఆ ఈక అంటే సత్యం. తొలినాటి క్రైస్తవుల సమాధుల గోడల మీద నెమలి అంటే చావులేనితనం. వియన్నా మ్యూజియంలో అజ్టెక్ రాజు మొక్తెజుమాదని చెప్పే ఆకుపచ్చ క్వెట్జాల్ పక్షి ఈకల కిరీటం ఉంది, మెక్సికో ఎంత అడిగినా ప్రయాణంలో కుదుపులకు ఈకలు పాడవుతాయని నిపుణులు చెప్పడంతో అక్కడే అద్దాల వెనక ఉండిపోయింది. ఫొటోల్లో చూసినప్పుడల్లా నాకు బాధే, తల మీద ఉండాల్సింది కదా అది.

ఇక్కడ బూర ఏటా బయటికొస్తుంది. ఒంటినిండా బూడిద, భుజాన మేకతోలు, చేతిలో కర్ర, డప్పు అందుకోగానే గుసాడి లేచాడు, ఈకలన్నీ ఒక్కసారి ఊగాయి. పండగయ్యేదాకా స్నానం చేయడట. "బూర ఎత్తుకున్నంక ఆయన మన లెక్క మనిషి కాదు, దేవుడే" అన్నారు మామయ్య. గుట్టలకు అవతల మార్లవాయిలో ఈ ఆట నేర్పిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చిందని అక్కడ పిల్లలు కూడా చెప్పారు.

ఆట మధ్యలో ఒక ఈక ఊడి నా కాళ్ల దగ్గర పడింది. తీయబోతే మామయ్య చెయ్యి పట్టుకున్నారు. ఒక ముసలమ్మ వచ్చి దాన్ని కళ్లకద్దుకుని, ఇంటి చూరులో దోపింది.