బండల మీద పాచి, నా చేతిలో యాసిడ్ సీసా

వానలు తగ్గేసరికి గేటు నుంచి పెరటి దాకా పరిచిన బండలన్నీ పాచి పట్టి పచ్చబడ్డాయి. గోడ నీడ పడే వైపు మరీ ఎక్కువ. ఒకరోజు పొద్దున్నే అమ్మ బకెట్‌తో వస్తూ సర్రున జారింది. గోడ పట్టుకుని ఎలాగో నిలదొక్కుకుంది. "ఈ ఆదివారం దీని సంగతి చూస్తానమ్మా" అన్నాను.

చూశాను. బాత్రూమ్ కడగడానికి తెచ్చిన యాసిడ్ సగం సీసా మిగిలి ఉంది. పాచి దట్టంగా ఉన్నచోట కాస్త ఒంపాను. బుసబుసమంటూ నురగ లేచింది. భలే పనిచేస్తోందని సంబరపడి చీపురుతో రుద్ది కడిగేశాను. ఆరాక చూస్తే పళ్లెమంత మేర తెల్లగా పాలిపోయిన మచ్చ. తడిమితే గరుకుగా ఉంది, వేలికి సన్నటి పొడి అంటింది. పాచి పోయిన మాట నిజమే. దాంతోపాటు రాయి పైపొర కూడా పోయింది.

మావి నాపరాళ్లు, అంటే సున్నపురాయి. అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. దానికి యాసిడ్ తగిలితే రాయి కరిగి కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. మురికి వదులుతోందని నేను మురిసిపోయిన నురగ అదే. చలువరాయిదీ ఇదే కథ. ఇసుకరాయిలో రేణువుల్ని అతికించి ఉంచేది సున్నమైతే దానికీ ముప్పే. గ్రానైట్ చాలావరకు తట్టుకుంటుంది గానీ, అందులో ఇనుము ఉంటే యాసిడ్ పడ్డాక తుప్పు రంగు తేలొచ్చు.

యాసిడ్ ఘాటు కాబట్టి అలా అయింది, వెనిగర్ అయితే ఏమీ కాదులే అని ఇంకా ఆశ చావలేదు. పరిచేటప్పుడు మిగిలిన విరిగిన ముక్క ఒకటి పెరట్లో ఉంటే దాని మీద ఒక్క చుక్క వేసి, వంగి చూశాను. చుక్క అంచున ఆవగింజలో సగం కూడా లేని బుడగలు, ఒకదాని వెంట ఒకటి. నిమ్మరసానికీ అంతే. కాబట్టి "సహజమైనది" అన్న మాట వినగానే రాయికి మంచిదే అనుకోవడం మానేశాను. మీ రాయి ఏమిటో తెలియకపోతే ఈ చుక్క పరీక్ష ఏ మూలనో, పనికిరాని ముక్క మీదో చేసి చూడండి, వెంటనే కడిగేయండి.

పక్కింటి అంకుల్ గోడ మీంచి చూసి, "బ్లీచింగ్ పౌడర్ చల్లి పడెయ్ బాబూ" అన్నారు. అది పాచిని చంపుతుంది, కాదనను. కానీ నేను అప్పటికే యాసిడ్ పోసి ఉన్నాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. పైగా కడిగిన నీళ్లన్నీ మొక్కల పాదుల్లోకే పోతాయి. వద్దులెండి అంకుల్ అని తప్పించుకున్నాను.

అప్పుడు గానీ తీరిగ్గా కూర్చుని అసలు ఏ మచ్చలున్నాయో చూడలేదు. పచ్చగా ఉన్నది పాచి. కుండీ స్టాండు కింద గుండ్రంగా తుప్పు మరక. బండి ఆపే చోట ఆయిల్. మూడింటికీ ఒకే సీసా కొనబోయాను నేను!

పాచికి చివరికి ఎంచుకున్నది ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పర్‌కార్బొనేట్ పొడి. నీళ్లలో కలిపితే అది హైడ్రోజన్ పెరాక్సైడ్, వాషింగ్ సోడాగా విడిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో బాగా పనిచేస్తుంది. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. కలిపినదాన్ని సీసాలో పోసి మూత బిగిస్తే లోపల గ్యాస్ చేరి సీసా పగిలే ప్రమాదం ఉంది. ముందు ఒక మూల బండ మీద వేసి, మర్నాడు పూర్తిగా ఆరాక రంగు చూశాను. తేడా లేదు. అప్పుడే మిగతాదానికి దిగాను.

ఎండ దిగాక, గ్లవ్స్ వేసుకుని బండల్ని, పక్కనున్న మొక్కల్ని మామూలు నీళ్లతో తడిపాను. తడిసిన రాయి మందును లోపలికి అంతగా పీల్చదు. ద్రావణం పోసి ఇరవై నిమిషాలు ఆగి, ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్ది, బాగా కడిగాను. యాసిడ్‌లా బుసబుసలేమీ లేవు. రుద్దుతుంటే పచ్చటి జిగురు ఊడి వస్తుంటే మాత్రం భలే తృప్తి. నల్లటి చుక్కలు కొన్ని రెండోసారికి గానీ వదల్లేదు. ప్రెషర్ వాషర్ కూడా అద్దెకు తెచ్చాను గానీ, మొదటి రెండు నిమిషాల్లోనే సందుల్లో ఇసుకంతా ఎగిరి గోడకు కొట్టింది. ఆపేశాను.

ఆయిల్ మరకకు సుద్దపొడిలో గిన్నెల సబ్బునీళ్లు కలిపి ముద్దగా పట్టించి, ప్లాస్టిక్ కవర్ కప్పి ఒక రోజు ఉంచాను. తర్వాత కవర్ తీసి ఎండనిచ్చి గీకేశాను. రెండుసార్లు చేస్తే చాలావరకు లాగేసింది. తుప్పు మరకను వదిలేశాను. దాన్ని తీసే మందుల్లో చాలావాటిలో ఉండేది మళ్లీ ఏదో ఒక యాసిడే.

ఇప్పుడు అమ్మ ఆ దారిన నిశ్చింతగానే నడుస్తోంది. ఎవరైనా ఇంటికొస్తే మాత్రం, "ఇది మావాడు యాసిడ్ పోసిన చోటు" అని ఆ తెల్లమచ్చను తప్పకుండా చూపిస్తుంది.